వస పోసినా పలకని బిడ్డ

గలగలా మాట్లాడే బిడ్డను ‘వసపిట్ట’ అంటాము. అందుకే మాట ఆలస్యమైతే పెద్దల చేయి ముందుగా వసకొమ్ము వైపు వెళుతుంది.

సుమారు ముప్పై ఏళ్ల క్రితం ఒక నాయనమ్మగారు రెండేళ్ల మనవణ్ణి నా వద్దకు తెచ్చారు. “వీళ్ల నాన్నకూ మూడో ఏటగాని మాటలు రాలేదండీ, కాస్త వస ఇవ్వండి” అన్నారు. ఇచ్చాను. ఏడాది తరువాత తెలిసింది, ఆ బిడ్డకు వినికిడి లేదని. ముందే చెవుల పరీక్షకు పంపని దోషం నాది. ఆ ఏడాదిని ఏ ఔషధమూ తిరిగి తేలేదు.

“అదే వస్తుందిలే” అని ఊరుకోవడం మన శాస్త్రమార్గం కాదు. ఏడాది నిండినా నడవని శిశువును కాశ్యప సంహిత ‘ఫక్క’ వ్యాధిగ్రస్తునిగా గుర్తించి, నడక నేర్పడానికి మూడు చక్రాల బండిని సైతం విధించింది. నేటి వైద్యులు నడకకు 18 నెలల వరకు గడువిస్తారు.

తల్లులు గమనించవలసినవి:

• 2 నెలలకు పలకరిస్తే నవ్వడం
• 4 నెలలకు మెడ నిలపడం
• 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోవడం
• 2 ఏళ్లకు “అమ్మా, పాలు” అని రెండు మాటలు కలపడం

వీటిలో ఏది తప్పినా, వచ్చిన మాట పోయినా పిల్లల వైద్యునికి చూపండి. మాట రాకుంటే వినికిడి పరీక్ష తప్పనిసరి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఇట్టి పరీక్షలు ఉచితం, అంగన్‌వాడీలో విచారించండి.

నూనె మర్దన చేసే చేతికే బిడ్డ కాళ్ల బిగువు, వదులు ముందుగా తెలుస్తాయి. ఆ చేయి చెప్పినది నమ్మండి, ఆలస్యం చేయకండి.