ఇఖామా ఫోన్‌లోకి వచ్చింది, మరి బటన్ ఎవరి చేతిలో ఉంది?

ఇఖామా రెన్యువల్, సెలవుపై ఇంటికి రావడానికి వీసా... ఒకప్పుడు సౌదీలో వీటి కోసం జవాజాత్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. నిజామాబాద్, కరీంనగర్, రాయచోటి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి వెళ్లిన పాతతరం వాళ్లను కదిపితే ఆ లైన్ల గురించి కథలు కథలుగా చెబుతారు. ఇప్పుడు అవే పనులు ఫోన్‌లో నిమిషాల్లో అయిపోతున్నాయి.

సౌదీ ప్రభుత్వం 2005లో 'యెస్సర్' అనే కార్యక్రమంతో ఈ పని మొదలుపెట్టింది. 2015లో హోంశాఖ సేవలకు 'అబ్షర్' యాప్ వచ్చింది. 2020లో కోవిడ్ కర్ఫ్యూ పాసుల కోసం తెచ్చిన 'తవక్కల్నా' ఆ తర్వాత నిత్యావసరంగా మారిపోయింది. ఐక్యరాజ్యసమితి ఈ-గవర్నమెంట్ సర్వేలో 193 దేశాల్లో సౌదీ 2020లో 43వ స్థానంలో, 2022లో 31వ స్థానంలో ఉంది. 2024లో ఏకంగా 6వ స్థానానికి ఎగబాకింది. అదే జాబితాలో భారత్ ది 97వ స్థానం.

ఇంత వేగం ఎలా సాధ్యమైంది? ఒక మనిషికి ఒకే నంబరు. ఇఖామా నంబరుకే వేలిముద్రలు, సిమ్, బ్యాంకు ఖాతా అన్నీ ముడిపడి ఉంటాయి. దానికి తోడు రాజు ఫర్మానా వస్తే శాఖలన్నీ ఒకే దారిలో నడుస్తాయి.

కానీ దెబ్బలూ తగిలాయి. అబ్షర్‌లో మహిళల ప్రయాణానికి మగ సంరక్షకుడు అనుమతి ఇచ్చే, రద్దు చేసే సదుపాయం ఉండేది. 2019లో దీనిపై ప్రపంచవ్యాప్తంగా విమర్శలు వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులో 21 ఏళ్లు దాటిన మహిళలు సంరక్షకుడి అనుమతి లేకుండానే ప్రయాణించవచ్చని చట్టం మార్చారు. అంటే తప్పు యాప్‌ది కాదు, యాప్ వెనకున్న రూల్‌ది.

2022 హజ్ సమయంలో ఇంకో దెబ్బ. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా యాత్రికులు ట్రావెల్ ఏజెంట్లతో పని లేకుండా 'మోతవిఫ్' పోర్టల్‌లోనే బుక్ చేసుకోవాలన్నారు. అదీ హజ్‌కు కొన్ని వారాల ముందు! డబ్బు కట్టినా టికెట్లు రాక, ఫోన్ ఎత్తే దిక్కు లేక ఎంతోమంది ఇబ్బంది పడ్డారు. మరుసటి ఏడాది ఆ పని 'నుసుక్'కు అప్పగించారు. ఉమ్రాకు వెళ్లే తెలుగువాళ్లకూ నుసుక్ కొత్తేమీ కాదు. మదీనాలో రియాజుల్ జన్నాకు పర్మిట్ తీసుకునేది అందులోనే. స్మార్ట్‌ఫోన్ వాడడం రాని పెద్దవాళ్లకు పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే.

కార్మికుల విషయం అన్నిటికన్నా ముఖ్యం. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణతో, ఏడాది పని పూర్తిచేసిన ఉద్యోగి కొన్ని షరతులతో కఫీల్ ఒప్పుకోకపోయినా 'ఖివా' పోర్టల్ ద్వారా కంపెనీ మారొచ్చు. ఎగ్జిట్ రీఎంట్రీ వీసాకు తానే అబ్షర్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఇంటి పనివాళ్లు, హౌస్ డ్రైవర్లు, గొర్రెల కాపరులు, తోట పనివాళ్లను ఇందులో చేర్చలేదు. కష్టాలు ఎక్కువగా ఉండేది వాళ్లకే. తలుపు తెరిచారు గానీ లోపలి గదిలో ఉన్నవాళ్లకు అది అందలేదు.

ఇఖామా రెన్యువల్ బటన్ కూడా యజమాని వైపే ఉంటుంది. అతను ఫీజు కట్టకపోతే గడువు దాటిపోతుంది, కానీ రోడ్డుమీద పట్టుబడేది కార్మికుడే. 'హురూబ్' సంగతీ అలాంటిదే. పనివాడు పారిపోయాడని యజమాని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే చాలు, ఆ మనిషి రాత్రికి రాత్రే చట్టవిరుద్ధంగా ఉన్నవాడైపోయేవాడు. 2022లో కంపెనీ ఉద్యోగుల విషయంలో ఈ పద్ధతిని కొంత సడలించి 60 రోజుల గడువు ఇచ్చారు.

అందుకే అక్కడున్న వాళ్లు అబ్షర్ ఖాతాను సొంత సిమ్‌తో, సొంత పాస్‌వర్డ్‌తో తెరుచుకోవడం అవసరం. ఇఖామా గడువు, హురూబ్ ఉందా లేదా అన్నది నెలకోసారైనా చూసుకోవాలి. 'నఫాజ్' యాప్‌లో అంకె నొక్కమని ఎవరైనా ఫోన్ చేస్తే నొక్కొద్దు. ఆ అంకె సంతకంతో సమానం. దాంతో ఆ పేరు మీద సిమ్‌లు తీయొచ్చు, బ్యాంకు ఖాతా కూడా తెరవొచ్చు.