ఆకాశమున ఆపద : నలువురి తోడ్పాటు



బండి యిరుసు విఱిగినచో ఎడ్లను విప్పి, బండిని దారి ప్రక్కకు త్రోసి, వడ్రంగికి కబురు పంపుదుము. పడవకు చిల్లి పడినచో నీరు తోడుచు ఒడ్డు చేర యత్నింతుము. విమానమునకు అట్టి వెసులుబాటు లేదు. నింగిలో నిలుచుటకు చోటు లేదు; సాగుచుండుటయే దానికి నిలుకడ. అట్టిచోట ఆపద పుట్టినప్పుడు చోదకులేమి చేయుదురు, ఆ నేర్పు వారికెట్లు అలవడును అను విషయమును నేడు మనవి చేసెదను. నేను విమానశాస్త్రము చదివినవాడను గాను, బడిపంతులను. అయినను ఇది నేర్పుటకును నేర్చుకొనుటకును సంబంధించినది గావున దీనియందు నాకు మక్కువ కలిగినది.

పెద్ద విమానపు ముందుగదిలో ఇరువురు చోదకులుందురు. పెద్దవానిని కెప్టెన్ అందురు, రెండవవాడు సహచోదకుడు. వెనుకటి విమానములలో యంత్రములను, చమురును కనిపెట్టుటకు ఇంజనీరు అను మూడవవాడును ఉండెడివాడు.

1978 డిసెంబరు 28వ తేదీన అమెరికా దేశమున పోర్ట్‌లాండు నగరమును సమీపించుచున్న యొక విమానమున చక్రములు దింపునప్పుడు పెద్ద చప్పుడయ్యెను. చక్రములు సరిగా నిలిచినవో లేదో తెలియలేదు. కెప్టెన్ ఆ సంగతి విచారించుచు, ప్రయాణికులను ఆపదకు సిద్ధము చేయించుచు సుమారు ఒక గంట ఆకాశముననే తిరుగుచుండెను. ఈలోగా చమురు తఱిగిపోవుచుండెను. తక్కిన యిరువురును ఆ మాట ఎత్తకపోలేదు. ఎత్తవలసినంత గట్టిగా ఎత్తలేదు. కెప్టెన్ వినవలసినంత వినలేదు. తుదకు చమురు నిండుకొని ఇంజనులు ఆగిపోయెను. విమానము ఊరి శివారున పడెను. 189 మందిలో పదుగురు మరణించిరి. చక్రముల లోపము వలన గాక, పెద్దవాని యెదుట చిన్నవారు నోరు నొక్కుకొనుట వలనను, పెద్దవాడు ఒకే సంగతిపై మనస్సు పాతుకొనుట వలనను ఈ ప్రాణములు పోయినవి. పంతులు బల్లపై లెక్క తప్పుగా వేయుచుండగా చూచియు మెదలక కూర్చుండు పిల్లలు ప్రతి బడిలోను కలరు. వారిని వినయవంతులని మెచ్చుకొను పంతుళ్లును కలరు!

ఆ విమానము యునైటెడ్ అను కంపెనీది. 1981లో ఆ కంపెనీ వారు తమ చోదకులకు క్రొత్త శిక్షణ నారంభించిరి. కెప్టెన్ అడిగి తెలిసికొనవలెను. చిన్నవాడు సంకోచింపక చెప్పవలెను. తుది నిర్ణయము మాత్రము కెప్టెనుదే. ఒకడు విమానము నడపుటయందే దృష్టి నిలుపవలెను. రెండవవాడు చేయవలసిన పనుల పట్టికను పైకి చదువవలెను. ఒకడు చెప్పిన మాటను రెండవవాడు మరల పలుకవలెను. వేదపాఠశాలలో సంత చెప్పుట యెఱిగిన పెద్దలకు ఇందలి మర్మము వెంటనే బోధపడును. మరల పలికినప్పుడే తప్పు బయటపడును. ఇక చేతిపని నేర్పుటకు సిమ్యులేటరు అను యంత్రపు గది కలదు. అది నేలపైననే యుండి విమానమువలె ఒరగును, ఊగును. వెనుక కూర్చున్న గురువు ఒకసారి ఇంజనునకు నిప్పంటినట్లు, మఱియొకసారి పొగ క్రమ్మినట్లు కల్పించును. ఎంతటి అనుభవశాలియైనను మరల మరల అందు కూర్చుండి పరీక్ష యీయవలసినదే.

ఈ చదువునకు గొప్ప పరీక్ష 1989 జూలై 19వ తేదీన వచ్చెను. డెన్వరు నుండి షికాగో నగరమునకు పోవుచున్న, అదే కంపెనీకి చెందిన మూడింజనుల విమానమున తోకయందలి ఇంజను పగిలెను. టైటేనియము అను లోహముతో చేసిన దాని చక్రములో మొదటినుండియు నున్న చిన్న దోషము బీటగా పెరిగి తుదకు చక్రమును చీల్చినది. ఆ తునకలు తోకలోని గొట్టములను తెంచినవి. విమానపు చుక్కానిని, రెక్కలయందలి పలకలను కదల్చునది గొట్టములలో ఒత్తిడితో నుండు ద్రవము. ఒకటి చెడినను వేఱొకటి పనిచేయవలెనని మూడు వేర్వేఱు ఏర్పాట్లు చేసియుండిరి. ఆ మూడింటి ద్రవమును కారిపోయెను. ఇట్టిది జరుగదని తలచియుండుటచే దీనికి పట్టికలో మందు లేదు.

కెప్టెన్ ఆల్ హేన్స్ సుమారు 30 వేల గంటలు విమానము నడపిన వృద్ధానుభవుడు. సహచోదకుడు విలియం రికార్డ్స్, ఇంజనీరు డడ్లీ డ్వోరాక్. ప్రయాణికులలో డెనిస్ ఫిచ్ అను చోదకుడుండెను. ఆ జాతి విమానములు నడపుట నేర్పు గురువతడు. తోడ్పడుదునని అతడు కబురంపగా హేన్స్ వెంటనే లోనికి రప్పించి ఇంజనుల మీటలను అతని చేతికిచ్చెను. నా గదిలో నీకేమి పని యనలేదు. భారతమున కర్ణునకు శల్యుడు సారథి యైనప్పుడు ఇరువురును వీరులే. ఆ రథము గతి యేమయ్యెనో మీకు నేను చెప్పనక్కఱలేదు.

పగ్గము తెగిన జోడెడ్లలో ఎడమదానిని అదలించినచో బండి కుడికి మరలును గదా! మిగిలిన రెండింజనులను అట్లే హెచ్చుతగ్గులు చేయుచు ఫిచ్ విమానమును త్రిప్పుచుండెను. కెప్టెనును సహచోదకుడును ముందుపీఠముల నుండి పోరాడుచుండిరి. డ్వోరాక్ కంపెనీ నిపుణులతో మాటలాడెను. వారికిని ఉపాయము తోచలేదు. ఎవరికి తోచినది వారు చెప్పుచు, తక్కినవారు వినుచు 44 నిమిషములు గడపి, అయోవా రాష్ట్రమున సూ సిటీ విమానాశ్రయమునకు చేరిరి. వారు చేరగలిగిన బాట మూసివేసిన పాతబాట. దానిపై అగ్నిమాపక బండ్లు నిలిచియుండెను. క్రిందివారు చివరి నిమిషములలో వానిని తొలగించిరి.

మామూలుగా గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగముతో దిగవలసిన విమానము సుమారు 400 కిలోమీటర్ల వేగముతో దిగెను. కుడిరెక్క మొదట నేలను తాకెను. విమానము ముక్కలై, తలక్రిందులై, మండెను. అందున్నవారు 296 మంది. 112 మంది ప్రాణములు కోల్పోయిరి. 184 మంది బ్రతికిరి. నలుగిపోయిన ముందుగదిలో నలువురును ప్రాణములతో దొరికిరి. తరువాత ఇతర చోదకులు సిమ్యులేటరునందు అదే ఆపదను కల్పించి చూడగా క్షేమముగా దింపుట సాధ్యము కాలేదు. ఈ విద్య నేర్పరానిదని విచారణ జరిపినవారు తేల్చిరి.

శిక్షణ యున్నంతమాత్రమున అంతయు చక్కబడెనని చెప్పరాదు. 2010 మే 22వ తేదీన మన దేశమున మంగళూరులో దుబాయి నుండి వచ్చిన విమానము బాట దాటి లోయలో పడినప్పుడు 166 మందిలో 158 మంది మరణించిరి. దిగవద్దు, మరల పైకి లేపుమని సహచోదకుడు పలుమార్లు చెప్పెను. కెప్టెన్ ఆ మాటను పాటింపలేదు.

సూ సిటీ వారు 1987లోనే పెద్ద విమానము పడినట్లు భావించి అగ్నిమాపకులు, వైద్యులు మున్నగువారందఱు కలసి అభ్యాసము చేసియుండిరి. ప్రమాదము నాడు ఆసుపత్రులలో పగటివారు పోయి సాయంకాలపువారు వచ్చు వేళ. కావున రెండు జట్లును పనిలో నిలిచిరి. హేన్స్ తాను 2019లో మరణించుటకు ముందు అనేక సంవత్సరములు ఊరూర ఈ కథ చెప్పెను. చోదకులకు మాత్రమే గాక అగ్నిమాపకులకు, ఆసుపత్రులవారికి కూడ చెప్పెను. తనను పొగడువారితో, ఆ గదిలో తానొక్కడే లేనని చెప్పెడివాడు.