ఇరవై రూపాయల లెక్క

బ్రిటిషు పాలనలో భారతీయుడు బాగుపడుచున్నాడా, చితికిపోవుచున్నాడా? పందొమ్మిదవ శతాబ్దములో ఈ ప్రశ్నపై వాదోపవాదములకు కొరత లేదు. లెక్క మాత్రము లేదు. ఆ లెక్క కట్టినవారు దాదాభాయి నౌరోజీ. తెలుగు జిల్లాలు చేరియున్న మద్రాసు మొదలుకొని పంజాబు వరకు ఎన్ని ఎకరములు సాగైనవి, ఎకరమునకు ఎంత పండినది, పంట ఏ ధర పలికినది అని ప్రభుత్వపు నివేదికలనుండియే ఏరి, గుణించి, జనసంఖ్యతో భాగించినారు. 1867-68 సంవత్సరమునకు తలసరి రాబడి 20 రూపాయలని తేలినది. నెలకు కాదు, ఏడాదికి! పంటలు బాగుగా పండిన ఏట సైతము ఈ దేశపు ఉత్పత్తి చెరసాలలోని ఖైదీకి ఇచ్చుపాటి తిండిబట్టలకే బొటాబొటి యని ఆయన చూపినారు.

1882లో ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు ఈవ్లిన్ బేరింగు ఈ సంఖ్యను 27 రూపాయలకు పెంచినాడు. ఇంగ్లండులో అది 33 పౌనులని కూడ ఒప్పుకొన్నాడు. ఆనాటి 27 రూపాయలు మూడు పౌనులకు లోపే. అనగా పాలకుని రాబడి పాలితుని రాబడికి పదకొండింతలకు పైమాటే.

అయితే రూపాయలను పౌనులుగా మార్చినంత మాత్రమున పోలిక పూర్తికాదు. మారకపు రేటు సముద్రము దాటు సరకులనుబట్టి ఏర్పడును. మంగలి కత్తెర, కూలివాని చెమట, ఇంటి అద్దె ఓడ ఎక్కవు. అవి మన దేశములో చౌక. అందుచేత ఉభయ దేశముల ఉత్పత్తికి ఒకే ధరలు కట్టి చూడవలెను. ఆంగస్ మాడిసన్ అను ఆర్థికవేత్త 1990 నాటి అంతర్జాతీయ డాలరు ప్రమాణముగా శతాబ్దముల లెక్క తీసినాడు. పూర్వపు సంఖ్యలలో ఊహకు పాలున్నను, దారి స్పష్టమే.

1700లో భారతీయునికి 550 డాలర్లు, బ్రిటనువాసికి 1,250. వ్యత్యాసము రెండింతలకు కొంచె మెక్కువ. 1870లో 533, 3,190, ఆరింతలు. 1950లో 619, 6,939, పదకొండింతలు. అక్కడ బొగ్గు, ఆవిరి యంత్రము శ్రమ ఫలమును పెంచగా, ఇక్కడ రెండున్నర శతాబ్దములలో మనిషికి చేరిన పెరుగుదల డెబ్బది డాలర్లయినను లేదు. నౌరోజీ ఎత్తిచూపిన సంపద తరలింపు కూడ ఈ కాలములోనిదే.

కాని నేరమంతయు పరాయివారిపై నెట్టుట న్యాయము కాదు. స్వరాజ్యము వచ్చిన తరువాతను వ్యత్యాసము పెరిగి, 1973లో 853, 12,025 అయినది, పదునాలుగింతలు! యుద్ధానంతరము బ్రిటను వేగముగా పెరిగినది. మన పెరుగుదలలో చాలభాగమును పెరిగిన జనము పంచుకొన్నది. 1980 తరువాత మన నడక చురుకైనది, 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వపు సంస్కరణలు వచ్చినవి. 2001లో 1,957, 20,127, పదింతలకు దిగినది. అయినను ఇద్దరి నడుమ ఎడము 11,172 డాలర్లనుండి 18,170కి పెరిగినది. వెనుకవాడు వేగము హెచ్చించినను, ముందువాని అడుగు ఇంకను పెద్దది.

2022లో మొత్తము ఉత్పత్తిలో భారతదేశము బ్రిటనును మించినదను వార్త వచ్చినది. సంతోషింపదగినదే. కాని అక్కడ ఆరేడు కోట్ల జనము. ఇక్కడ నూట నలుబది కోట్లు. తలకు పంచగా, మారకపు రేటున బ్రిటనువాసి రాబడి ఇరవయ్యింతలకు దగ్గర. ధరలు సవరించినచో ఆరేడింతలు. మూడు మాటలును నిజములే. ఏది ఎవరికి అనుకూలమో వారు దానినే చాటుదురు.

ఇంతకును తలసరి యనునది సగటు. ఆ సగటు ఏ ఇంటి పొయ్యి వెలిగినదో చెప్పదు. నౌరోజీ భాగహారముతో ఆగలేదు. వచ్చిన సంఖ్యను మనిషి ఆకలి పక్కన పెట్టి చూచినారు. నేటి లెక్కకును అదే పరీక్ష.