ఆ చదువు ఎవరికి చేరుతుంది?

అమీర్‌పేట, పంజాగుట్ట కోచింగ్ సెంటర్లలో ఎంబీఏ సీటు కోసం కష్టపడే పిల్లలకు ఎక్స్‌ఏటీ పరీక్ష తెలుసు, జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ తెలుసు. ఆ సంస్థ ఎందుకు పుట్టిందో మాత్రం కోచింగ్‌లో ఎవరూ చెప్పరు. 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ అనే జెస్యూట్ గురువు దాన్ని ప్రారంభించారు. అది ఉక్కు పట్టణం. కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య గొడవలు వస్తే కూర్చుని మాట్లాడుకోగలిగే మనుషులు రెండు వైపులా ఉండాలన్నది ఆయన ఆలోచన. యూనియన్ నాయకులు కూడా అక్కడ పాఠాలు విన్నారు. కార్మిక సంబంధాలంటే సామాజిక శాస్త్రాల్లో ఒక భాగమే. అందుకని జెస్యూట్లు నడిపే సామాజిక శాస్త్రాల కళాశాల అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇక్కడి నుంచే బయలుదేరవచ్చు.

ముందు జెస్యూట్లు ఎవరో చూద్దాం. స్పెయిన్‌కు చెందిన ఇగ్నేషియస్ లొయోలా స్థాపించిన యేసు సభకు 1540లో పోప్ ఆమోదం దొరికింది. ఆ సభ గురువులే జెస్యూట్లు. మన దగ్గర విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల, సికింద్రాబాద్ అల్వాల్‌లోని లొయోలా అకాడమీ వాళ్లవే. 1548లో ఇటలీలోని మెస్సీనాలో కళాశాల పెట్టినప్పటి నుంచి చదువు చెప్పడం వాళ్ల ప్రధాన వృత్తి అయింది.

సమాజాన్ని దగ్గరగా చూసి రాసిపెట్టే పని కూడా వాళ్లకు పాతదే. తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవలసిన కథ ఒకటుంది. 1732లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫాదర్ కేర్దూ తెలుగు, సంస్కృతం నేర్చుకున్నాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ చుట్టరికం ఉందని 1760లలోనే పారిస్ పండితులకు రాశాడు. బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ అదే మాట కలకత్తాలో చెప్పింది 1786లో. పేరు జోన్స్‌కే వచ్చింది, ఎందుకంటే కేర్దూ రాసింది అచ్చయ్యేసరికి 1808 అయిపోయింది.

కేర్దూ చేసిన ఇంకో పని ఉంది. కోరమాండల్ తీరంలో నూలు బట్టల మీద అద్దకం వేసేవాళ్లను అడిగి అడిగి, కరక్కాయ ఎలా పట్టిస్తారో, రంగు ఎలా నిలబెడతారో ఒక్కొక్క మెట్టూ తెలుసుకున్నాడు. 1742లో, 1747లో ఉత్తరాలు రాసి ఆ సంగతులన్నీ ఫ్రాన్స్‌కు పంపాడు. చెప్పినవాళ్లలో క్రైస్తవం పుచ్చుకున్న పనివాళ్లున్నారు. తరతరాలుగా వాళ్లు దాచుకున్న విద్య యూరప్ అద్దకందార్ల చేతికి వెళ్లింది. ఆ ఉత్తరాలు ఇవాళ చరిత్రకారులకు నిధి. అయినా ఆ విద్య ఇచ్చినవాళ్లకు తిరిగి ఏం వచ్చిందన్న ప్రశ్న నన్ను వదలదు. సామాజిక శాస్త్రాలు చదివే ప్రతివాళ్లూ వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

1773లో పోప్ యేసు సభను రద్దు చేశాడు, 1814లో మళ్లీ అనుమతి వచ్చింది. ఆ తర్వాత మన దేశంలో వాళ్ల కళాశాలలు ఎన్నో వెలిశాయి. వాటిలో బీఏలు, బీఎస్సీలు చెప్పేవే ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక పేదరికం, భూమి, కూలి, కులం వంటి విషయాలను శాస్త్రీయంగా అధ్యయనం చేయాలన్న పట్టుదల పెరిగింది. 1951లో ఫాదర్ జెరోమ్ డిసౌజా ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. 1963లో తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో లొయోలా కాలేజ్ ఆఫ్ సోషల్ సైన్సెస్ మొదలైంది. పూర్తిగా సామాజిక శాస్త్రాల కోసమే జెస్యూట్లు పెట్టిన ఈ కళాశాలలో సోషల్ వర్క్, సమాజశాస్త్రం, సిబ్బంది నిర్వహణ పీజీ స్థాయిలో చెబుతారు.

జెస్యూట్ల ఆశయాన్ని మలుపు తిప్పిన ఏడాది 1973. సభకు అప్పటి అధిపతి పెడ్రో అరూపే స్పెయిన్‌లోని వలెన్సియాలో పూర్వ విద్యార్థుల ఎదుట నిలబడి, న్యాయం కోసం నిలబడేలా మేం మీకు చదువు చెప్పామా అని అడిగారు. లేదని జవాబూ తనే చెప్పారు. డబ్బూ పలుకుబడీ ఉన్న శ్రోతలు చాలామందికి అది రుచించలేదు. 1974-75లో జరిగిన సభ మహాసమావేశం, విశ్వాస సేవలో న్యాయసాధన విడదీయరానిదని తీర్మానించింది. ఈ తీర్మానాన్ని మనసా వాచా నమ్మినవాళ్లు ఎంత దూరం వెళ్లారో చెప్పడానికి జెస్యూట్ గురువు స్టాన్ స్వామి పేరు చాలు. 1975 నుంచి 1986 దాకా బెంగళూరులో ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా ఉండి, తర్వాత జార్ఖండ్ ఆదివాసుల మధ్య బతికారు. 2020 అక్టోబరులో అరెస్టయి, 2021 జూలై 5న నిర్బంధంలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 84.

ఇక సామాజిక శాస్త్రాల కళాశాలలో రోజూ జరిగేదేమిటి? సోషల్ వర్క్ పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ చదువుకు ప్రాణం ఫీల్డ్ వర్క్. సాధారణంగా వారంలో రెండు రోజులు విద్యార్థి ఆసుపత్రికో, బస్తీకో, బాలల సంరక్షణ గృహానికో వెళ్లాలి. చూసింది రాయాలి. ఆ రాతను అధ్యాపకుడి ముందు పెట్టి కూర్చుంటే, నువ్వు చూసిందెంత, ఊహించిందెంత అని ఆయన నిలదీస్తాడు. ఒక మనిషి కష్టాన్ని విని దారి వెతకడం కేస్ వర్క్, ఒకే ఇబ్బంది ఉన్నవాళ్లను కలిపి కూర్చోబెట్టడం గ్రూప్ వర్క్, బస్తీ మొత్తం తన సమస్య తానే తేల్చుకునేలా తోడు నిలవడం కమ్యూనిటీ ఆర్గనైజేషన్. ఇందులో అన్నిటికన్నా కష్టమైనది వినడం. జాలి ఉన్నంత మాత్రాన అది రాదు, నేర్చుకోవాలి.

నేర్చుకోవడానికి అమీర్‌పేట కన్నా మంచి చోటు దొరకదు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటూ సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునే పిల్లలున్నారు. ఊళ్లో అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు ఉద్యోగం ఇంకా రాలేదని చెప్పలేక ఫోన్ ఎత్తనివాళ్లు వాళ్లలో ఉంటారు. వాళ్లకు వండిపెట్టే ఆడవాళ్లు, తెల్లవారకముందే రోడ్లు ఊడ్చేవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, జ్వరమొస్తే ఆ రోజు కూలి ఎవరిస్తారు? వీటికి జవాబు చెప్పగలిగేది సామాజిక శాస్త్రమే. 1980లో ఏర్పడిన సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ పక్కనే బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఉంది. అది జెస్యూట్లది కాదు. వ్యవసాయం, పేదరికం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న సంస్థ. దాని ముందు నుంచి రోజూ కోచింగ్‌కు వెళ్లే పిల్లల్లో లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ.

ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ తప్ప ఇంకో దారి లేదనుకునే ఇళ్లలో ఈ చదువు గురించి ఒకసారి మాట్లాడుకోవాలని నా కోరిక. జీతాలు సాఫ్ట్‌వేర్ అంత ఉండవు, ఆ నిజం ముందే చెప్పుకోవాలి. కళాశాల జెస్యూట్లదైనా, ప్రభుత్వానిదైనా, మరెవరిదైనా చేరబోయే ముందు అక్కడికి వెళ్లి రెండు విషయాలు అడగండి. పిల్లలను ఫీల్డ్ వర్క్‌కు ఎక్కడికి పంపుతున్నారు? వాళ్లు రాసిన నివేదిక ఆ బస్తీవాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపిస్తున్నారా? రెండోదానికి అవునన్న చోట చేర్పించండి.