పాత రేకులు దించుతున్నారా? దుమ్ముతో జాగ్రత్త!

వేసవి వచ్చి పొలం పనులు తెరిపి ఇచ్చాయంటే కడప జిల్లా పల్లెల్లో ఇళ్ళ పనులు మొదలవుతాయి. కొడుకు పెళ్ళి కుదిరిందనో, కూతురు కాన్పుకు వస్తున్నదనో పాత ఇంటికి మరమ్మతు పెట్టుకుంటారు. మొదట చేసే పని ముప్పయి, నలభై ఏళ్ళనాటి సిమెంటు రేకులు దించడం. తుప్పు పట్టిన బోల్టు ఊడకపోతే కూలీ సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు. రేకు ముక్కలై కింద పడుతుంది. తెల్లని దుమ్ము లేస్తుంది. ఇల్లాలు చీపురు పట్టి వాకిలి వూడుస్తుంది. పిల్లలు ముక్కలు ఏరుకుని తొక్కుడుబిళ్ళ ఆడతారు. ఆ రోజుకు ఎవరికీ ఏమీ కాదు. చిక్కంతా అక్కడే వున్నది.

రేకులో ఏమున్నది?

రేకులో వున్నది వట్టి సిమెంటు కాదు. అది గట్టిగా నిలవడానికి అందులో నూటికి సుమారు పది పాళ్ళు రాతినార కలుపుతారు. ఆస్బెస్టాస్ అంటే ఇదే. నిప్పుకు కాలదు, నీటికి కుళ్ళదు, చెద పట్టదు. బోద కప్పు ఏటేటా మార్చలేక, నిప్పురవ్వ పడితే ఇల్లంతా పోతుందన్న భయంతో పేదలు ఈ రేకులు వేసుకున్నారు. వారిని తప్పు పట్టనక్కరలేదు.

రాతినార మన జిల్లాకు కొత్తది కాదు. పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె వైపు గనుల్లో దీనిని తవ్వి తీశారు. ఆరోగ్యానికి చేటు అన్న కారణంతో కేంద్ర ప్రభుత్వం 1986 నుంచి రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపివేసింది. అయితే రేకుల తయారీ ఆగలేదు. విదేశాల నుంచి నార తెప్పించి తయారుచేస్తున్నారు.

కీడు చేసేది ఎలా?

రేకు పగలకుండా పైన వున్నంతకాలం నార సిమెంటులో బిగుసుకుని వుంటుంది. రేకును పగలగొట్టినా, రంపంతో కోసినా, మిషన్‌తో రంధ్రం వేసినా, పాచి గీకినా పోగులు గాలిలోకి లేస్తాయి. అవి కంటికి కనిపించనంత సన్నగా చీలిపోయి ఊపిరితోపాటు లోపలికి వెళతాయి. శరీరం వాటిని కరిగించలేదు. ఏళ్ళు గడిచాక ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం రావచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ గాని, వాటి చుట్టూ వుండే పొరకు క్యాన్సర్ గాని రావచ్చు. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బీడీ, సిగరెట్ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు.

ఈ జబ్బులు బయటపడడానికి 10 నుంచి 40 ఏళ్ళు పట్టవచ్చు. అందుకే రాతినార ఫ్యాక్టరీలలో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మరి ఊళ్ళో రోజుకూలీకి రేకులు దించిన మనిషికి రికార్డు ఎవరు రాస్తారు? ఇరవై ఏళ్ళ తరువాత ఆయాసం వస్తే ఉబ్బసమనో, టి.బి. అనో అనుకుంటారు. అటువంటి పని చేసినవారు వైద్యుని వద్ద ఆ సంగతి తప్పక చెప్పాలి.

గుర్తుపట్టడం

బూడిద రంగులో అలలు అలలుగా, వేలెడు మందానికి తక్కువగా వున్న పాత రేకు సాధారణంగా రాతినార రేకే. తడితే ఇనుప రేకులా మోగదు, అయస్కాంతం పట్టదు. ఇదివరకే విరిగిన అంచున సన్నని తెల్లని పోగులు కనిపించవచ్చు. కొన్నింటిపై ఐ.ఎస్. 459 అన్న ముద్ర వుంటుంది. అది రాతినార సిమెంటు రేకుల ప్రమాణం. పరీక్ష కోసమని ముక్క విరిచి చూడవద్దు. కంటితో చూసి రూఢిగా చెప్పలేము కనుక, అనుమానం వుంటే రాతినారే అనుకోవడం మేలు. పాత నీళ్ళ గొట్టాలలో కూడా ఇది వున్నది.

దించేటప్పుడు

పనికి ముందు పిల్లలను, గర్భిణులను, పశువులను దూరంగా పంపాలి. తిండి సామాను, నీళ్ళ కుండలు బయట పెట్టాలి. రేకులను నీళ్ళతో బాగా తడిపి, పని సాగినంతసేపు తడి ఆరకుండా చూడాలి. బోల్టులకు నూనె వేసి ఊడదీయాలి గాని రేకును కొట్టరాదు. పాత రేకు మనిషి బరువు ఆపదు. పైకెక్కి కాలు పెట్టి పడినవారు ఎందరో. కనుక దూలాల మీద పలక వేసుకుని దాని మీదే నిలవాలి. రేకును పైనుంచి విసరక, తాడు కట్టి ఒక్కొక్కటిగా దించాలి.

తువ్వాలు చుట్టుకుంటే చాలుననుకోవడం పొరపాటు. ఈ పోగులను తువ్వాలు గాని, మామూలు మాస్కు గాని ఆపవు. పి-100 రకం ఫిల్టర్ వున్న మాస్కు కావాలి. అది కూలీకి ఇప్పించవలసినది ఇంటి యజమానే. పొడి చీపురు పట్టక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను రేకు ముక్కలతోపాటే మూటగట్టాలి. పనిబట్టలు దులపకుండా తడిపి, విడిగా ఉతకాలి. భర్తల పనిబట్టలు ఉతికిన ఆడవారికి కూడా ఈ జబ్బు వచ్చిన ఉదాహరణలు విదేశాలలో నమోదయ్యాయి.

ముక్కలను బాట గుంతలలో పోయడం, బావి గట్టున పడవేయడం, జాలాడి చుట్టూ నిలపడం మన అలవాటు. బండి చక్రం కింద అవి నలిగి ఊరంతటికీ దుమ్ము పంచుతాయి. తడిపి, దళసరి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, ఎక్కడ వేయాలో పంచాయతీ కార్యదర్శిని అడగాలి. పంచాయతీలు కూడా ఇందుకు జనం తిరగని ఒక చోటు చూపించడం అవసరం.

ఇల్లు బాగున్నవారు భయపడి ఈ రోజే కప్పు పీకనక్కరలేదు. పగులు లేని రేకును కదిలించకపోవడమే క్షేమం. దించక తప్పనినాడు మాత్రం రెండు బిందెల నీళ్ళు, మరో పూట కూలి ఎక్కువైనా వెనుకాడరాదు. కప్పు మారేది ఇంటివారికే అయినా, ఆ దుమ్ము మింగేది పైకెక్కిన కూలీ.