మరణశయ్యకడ కావలి

మరణించినవారి దేహమును అతిశీతలమున భద్రపఱచి, భావికాలపు వైద్యశాస్త్రము వారిని పునర్జీవితులను గావింపగలదని ఎదురుచూచు పద్ధతి యొకటి అమెరికాలో అర్ధశతాబ్దికి పైగా సాగుచున్నది. దీనిని క్రయోనిక్సు అందురు. 1964లో ప్రకటితమైన రాబర్టు ఎట్టింగరు గ్రంథము దీనికి ప్రచారము గల్పించెను. 1967 జనవరి 12వ తేదీన కాలిఫోర్నియాలో మరణించిన జేమ్సు బెడ్‌ఫర్డు అను ప్రొఫెసరు దేహమును మొట్టమొదట ఇట్లు భద్రపఱచిరి. అది నేటికిని ఆరిజోనా రాష్ట్రమున నున్నది. ఇంతవఱకు ఇట్లుంచబడిన మానవు డొక్కడును తిరిగి లేవలేదు.

భరతుడు వచ్చువఱకు దశరథమహారాజు దేహమును తైలద్రోణియం దుంచిన కథ మన మెఱుగనిది కాదు. కుమారుడు వచ్చి ఉత్తరక్రియలు జరుపుటకై చేసిన యేర్పాటది. ఇక్కడి నిరీక్షణము కర్తకొఱకు కాదు, పోయిన ప్రాణముకొఱకే.

ఈ పద్ధతిలోని కష్టమంతయు మరణానంతరమే మొదలగు ననుకొనరాదు. గుండె ఆగిన నాలుగైదు నిమిషములలో ప్రాణవాయు వందక మెదడునకు హాని యారంభమగును. ఆలసించినకొలది భద్రపఱుపవలసిన దానికే చేటు. అందుచే రోగి యవసానదశకు రాగానే ఒక బృందము పగలనక రాత్రియనక సమీపమున వేచియుండవలయును. మంచుగడ్డలు, దేహము పట్టునంతటి తొట్టి, ఎదను నొక్కి రక్తమును ప్రసరింపజేయు యంత్రము, రక్తము గడ్డకట్టకుండ హెపారిను మున్నగు మందులు సర్వసిద్ధముగ నుండవలయును. వైద్యుడు మరణమును ప్రకటించుటకు ముందు వారు తమ పని మొదలిడరాదు. ప్రకటించిన పిమ్మట ఒక్క నిమిషమైనను వ్యర్థపుచ్చరాదు. తరువాత రక్తమునకు బదులుగా, మంచుస్ఫటికములు ఏర్పడకుండ కాపాడు ద్రవము నెక్కించి, దేహమును క్రమముగా చల్లార్చి, సున్నకు దిగువ 196 సెంటిగ్రేడు డిగ్రీల ద్రవనైట్రోజనులో నుంతురు.

ఈ కావలి యెట్టి చిక్కులు దెచ్చునో 2016లో ఇంగ్లండున జరిగిన వ్యవహార మొకటి తేటపఱచుచున్నది. క్యాన్సరుచే నవసానదశ నున్న పదునాలుగేండ్ల బాలిక తన దేహము నిట్లు భద్రపఱుపవలెనని కోరెను. ఆ వయసున మరణశాసనము వ్రాయుటకు అచటి చట్ట మధికార మీయదు. తల్లి సమ్మతించెను, విడిపోయియున్న తండ్రి మొదట నంగీకరింపలేదు. తగవు హైకోర్టు కెక్కెను. న్యాయమూర్తి పీటరు జాక్సనుగారు ఆస్పత్రికి బోయి బాలికను చూచిరి. క్రయోనిక్సు మంచిచెడ్డలను తాము నిర్ణయించుట లేదని స్పష్టపఱచి, దేహమును గూర్చిన యధికారము తల్లికే యుండవలెనని తీర్పు చెప్పిరి. అక్టోబరు 17వ తేదీన బాలిక మరణించెను. దేహము అమెరికాకు చేరెను.

తీర్పుకంటె దాని కడపటి మాట లెక్కువ ఆలోచింపదగినవి. చివరి దినమున తల్లి మరణానంతరపు టేర్పాట్లలో మునిగి బిడ్డచెంత పూర్తిగా నిలువజాలకపోయెననియు, వచ్చిన స్వచ్ఛందబృందమునకు పరికరములును క్రమమును కొఱవడెననియు, ముం దొప్పుకొనని పనులకై తమ్ము నొత్తిడి చేసిరనియు ఆస్పత్రివారు విన్నవించిరి. ఇకమీద నిట్టివి జరుగునెడల తగిన నిబంధన లవసరమని తోచుచున్నదని న్యాయమూర్తి సూచించిరి.

ఆ తల్లిని నిందింప మనకు నోరెట్లు వచ్చును? చేయి పట్టుకొని కూర్చుండుటయా, కడసారి కోరిన కోరికకై పరుగులిడుటయా యను సంకటమున నామెను పడవేసినది సన్నాహలోపము. కావలి కాయువారు శిక్షణ గలవారై, భారమంతయు తామే వహించినచో బంధువులు రోగిచెంత నుండగలరు.

ఇది ధనముతో గూడిన వ్యవహారము కూడ. అమెరికాలో పలువురు జీవితబీమా మూలమున నీ వ్యయమును సమకూర్చుకొందురు. ద్రవ్య మొకనాటితో సరిపోదు. నైట్రోజను ఎల్లకాలము పోయుచుండవలయును. కాలిఫోర్నియాలోని చాట్సువర్తు శ్మశానవాటికలో నుంచిన దేహములు పోషణ లేక కరిగి చెడినట్లు 1979లో బయల్పడెను. కాబట్టి ఆశపడువాడు ఆరోగ్యమున నున్నప్పుడే తన కోరికను వ్రాతమూలముగ నుంచి, ఆలుబిడ్డల జీవనమునకు లోటు రాకుండ జూచి, పిదపనే దీనికి ధనము కేటాయింపవలయును.

పునర్జీవనము సాధ్యమో కాదో రాబోవు తరములవారు తేల్చుకొందురు గాక. మరణశయ్యపై నున్నవాని కడపటి గడియ మాత్రము నేటివారి బాధ్యత. కావలి యెవరు కాయవలెనో, ఎవరి యనుమతిపై ఎంతవఱకు చేయవలెనో శాసనకర్తలు ముందుగనే నిర్ణయింపవలయును. ఆ గడియ వచ్చిన పిమ్మట విచారించుటకు వ్యవధి యుండదు.