దడను కావాలని తెప్పించే వైద్యం

మల్కాజ్‌గిరిలో నలభై ఏళ్ల ఉద్యోగి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఓ రోజు కిక్కిరిసిన రైల్లో గుండె దడదడలాడింది, ఊపిరాడలేదు, చేతులు తిమ్మిరెక్కాయి. తన పని అయిపోయిందనుకున్నాడు. ఈసీజీ తీస్తే ఏమీ లేదన్నారు. మరో రెండుసార్లు అలాగే అయ్యేసరికి రైలు మానేశాడు. తర్వాత లిఫ్టు, సినిమా హాలు, ఆఖరికి పెళ్లి భోజనాలు కూడా. ముందు గుండె డాక్టరుకు చూపించుకోవడం మంచిదే. అక్కడ ఏమీ లేదని తేలాక వెళ్లాల్సింది క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి.

బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో జాతీయ సంస్థ వెలిసింది. అందుకేనేమో, ఈ ప్రాంతంలో సైకాలజిస్టు అనగానే చాలామందికి పిల్లలే గుర్తొస్తారు. పెద్దవాళ్లకు అక్కడేం పని అనుకుంటారు. కానీ పానిక్, ఓసీడీ, డిప్రెషన్ వంటివాటికి మాటలతో, అభ్యాసాలతో చేసే చికిత్స వీళ్ల పనే. పీజీ తర్వాత రోగుల మధ్య రెండేళ్లు నేర్చుకునే ఎంఫిల్ ఇంతకాలం ఈ వృత్తికి ప్రధాన ద్వారం. చదివాక 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. బోర్డు మీద ‘కౌన్సెలర్’ అని రాసుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు, చిక్కంతా అక్కడే. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంతకీ రైల్లో వచ్చిన ఆ పానిక్‌లో జరిగిందేమిటి? భయంతో వేగంగా ఊపిరి పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తల తిరగడం, తిమ్మిర్లు దాని ఫలితమే. అసలు చిక్కు ఆ తర్వాతి ఆలోచనలో ఉందని బ్రిటిష్ సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో వివరించాడు. దడను గుండెపోటని అనుకోగానే భయం రెట్టింపవుతుంది, భయంతో దడ ఇంకా పెరుగుతుంది.

ఆలోచన పొరపాటని నచ్చజెప్పి ఊరుకుంటే సరిపోదు. అందుకే సైకాలజిస్టు ఆ లక్షణాలను గదిలోనే కావాలని తెప్పిస్తాడు. ముక్కు మూసుకుని సన్నని స్ట్రాతో నిమిషంసేపు ఊపిరి పీల్చమంటాడు, కుర్చీలో గిరగిరా తిప్పుతాడు, ఉన్నచోటే పరుగెత్తమంటాడు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉంటే డాక్టరును అడగకుండా ఇవి చేయించరు. ‘ఏమవుతుందనుకుంటున్నారు?’ అని ముందే రాయించుకుని, అయ్యాక ఆ కాగితం మళ్లీ చదివిస్తాడు. దడ వచ్చింది, పోయింది, మనిషి బాగానే ఉన్నాడు. ఆ తర్వాత స్టేషను ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడటం, ఒక్క స్టేషను దూరం వెళ్లి రావడం, చివరికి ఆఫీసు వేళ రద్దీలో ప్రయాణం.

ధైర్యం కోసం చేతిలో ఉంచుకునే నీళ్ల సీసా, జేబులో మాత్ర, పక్కన తోడు మనిషి కూడా మెల్లగా మానాలి. లేకపోతే ‘సీసా ఉంది కాబట్టే బతికాను’ అనుకుంటాడు, పాత భయం అలాగే ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లకు మింగుడుపడనిది ఇదే. ‘పాపం, ఒక్కణ్నే ఎలా పంపుతాం’ అంటారు.

క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయడు. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాడు, రెండు చికిత్సలూ కలిసి నడవొచ్చు. సాధారణంగా వారానికోసారి చొప్పున పది, పన్నెండు సిటింగులు పడతాయి. ఎక్కడికి వెళ్లాలో తోచనివాళ్లు టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.